పార్ట్ టూ పడిందా?

పోయిన నెల సుబేదారు మామ కాలం చేశారు. తొంభై దాటిన మనిషి. పెద్దకర్మకు గిద్దలూరులో బస్సు దిగి, ఆటోలో వాళ్ల ఊరు చేరేసరికి వసారా నిండా మాజీ సైనికులు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు, జేబు మీద మెడల్స్. లోపల మామ కోడలు ఆయన నల్ల ట్రంకుపెట్టె తెరిచి సామాన్లు తీస్తోంది. కలరా ఉండల వాసన, దాని కింద పాత ఉన్ని, బూట్ పాలిష్ వాసన గదంతా కమ్ముకున్నాయి. మా నాయన పెట్టె కూడా అచ్చం ఇదే వాసన వేసేది. కాసేపు గోడకానుకుని అలాగే కూర్చుండిపోయాను.

సైనికుడి కూతురిగా పుట్టాను, సైనికుడి భార్యనయ్యాను, ఆ తర్వాత చాలా ఏళ్లు సైనికుల కుటుంబాల కాగితాలు పట్టుకుని తిరిగాను. ఈ మూడో పని నాకు నేర్పింది మామే. ఆయనతో కలిసి పని చేసినవాళ్లలో మిగిలింది కొద్దిమందిమే. అందుకే గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.

* * *

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం. నల్లమల కింద ఉన్న ఈ పల్లెల్లో సైన్యంలో మనిషి లేని వీధి కనపడదు. వాన మీద బతికే మెట్ట చేలు. వరుసగా రెండేళ్లు వాన తప్పితే ఇంట్లో ఒక మగపిల్లాడు భర్తీకి పోవాల్సిందే. తెల్లవారుజామున తారురోడ్డు మీద పరిగెత్తే పిల్లల అడుగుల చప్పుడు నా చిన్నప్పుడు వినపడేది, ఇప్పటికీ వినపడుతుంది.

అప్పట్లో గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజి. బొగ్గు ఇంజన్ బొగద సొరంగం దాటి, అడవి దిగి గిద్దలూరు స్టేషనుకొచ్చేది. నాయన సెలవు మీద వస్తున్నాడని ఉత్తరం వస్తే అమ్మ ముందురోజే ఇల్లలికి ముగ్గు పెట్టేది. రైలు దిగిన నాయన వెనకాల ఎద్దులబండి మీద ట్రంకుపెట్టె, హోల్డాల్ వచ్చేవి. పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. ఆ నంబరు మాకు నోటికి వచ్చు. బళ్లో ఎక్కాలు తడబడ్డ పిల్లలు కూడా నాయన ఆర్మీ నంబరు తడుముకోకుండా చెప్పేవాళ్లు.

పెట్టె తెరవడం ఊరందరికీ పండగే. మా జేజికి ఉన్ని శాలువా, అమ్మకు సబ్బులు, మాకు బిస్కెట్ పాకెట్లు, పెద్దవాళ్లకు క్యాంటీన్ రమ్ము. వీధిలో వాళ్లు వచ్చి ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ పెట్టేవాళ్లు. నాయన రెండు రోజుల పాటు హిందీ కలిపి మాట్లాడి, మూడో రోజుకు మా మాటలోకి వచ్చేవాడు. సెలవు అయిపోయే ముందు వారం ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

* * *

నాకు చదవడం బాగా వచ్చాక వీధిలో ఆడవాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టే పని నా మీద పడింది. పోస్ట్‌మాన్ ఉత్తరం ఇచ్చి పోగానే పిలుపు వచ్చేది. "అమ్మీ, రా, మీ చిన్నాయన రాసినాడు." పైన సైన్యం పోస్టాఫీసు నంబరు, 56 ఏపీఓ అని ఉండేది. ఆ మనిషి ఎక్కడున్నాడో ఆ అంకెను బట్టి ఎవరికీ తెలిసేది కాదు. కశ్మీరులో ఉన్నా, రాజస్థాన్‌లో ఉన్నా అదే. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి పొలం, ఎద్దులు, అప్పు, పెద్దవాళ్ల ఆరోగ్యం అన్నీ అయ్యాక, చివర్లో ఎక్కడో పిల్లల పేర్లు వచ్చేవి. భార్య పేరు రాసేవాళ్లు కాదు. ఆమె మాత్రం ఆ చివరి రెండు లైన్లు మళ్లీ మళ్లీ చదివించుకునేది.

జవాబు రాయడం ఇంకా కష్టం. అత్తగారు పక్కనే కూర్చునేది. చెప్పాల్సినవన్నీ ఆమే చెప్పేది. కోడలు చెరువు గట్టు మీదో, బావి దగ్గరో నన్ను పట్టుకునేది. "పిల్లకు జ్వరమొచ్చిందని అత్త చెప్పింది కదా, అది రాయొద్దు. అక్కడ కూర్చుని దిగులు పడతాడు. పిల్ల నిలబడి నాలుగు అడుగులేసిందని రాయి." నేను అలాగే రాసేదాన్ని. ఊరి ఆడవాళ్ల దిగుళ్లు ఎన్ని దాచానో నాకే తెలుసు. పదేళ్లయినా నిండని పిల్ల ముందు వాళ్లు అంత విప్పి చెప్పుకోవాల్సి రావడం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1971 యుద్ధం వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర మగవాళ్లు గుమిగూడేవాళ్లు. ఆడవాళ్లు ఇళ్లలోనే ఉండి, సైకిల్ బెల్లు ఎటు పోతోందో వినేవాళ్లు. మా వెనక వీధికి టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని బడి హెడ్మాస్టారు దగ్గరికి పట్టుకుపోయారు. ఆయన బయటికి వచ్చి చెప్పేలోపే ఏడుపులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో మనిషి ఇంటికి వచ్చేవాడు కాదు. దహనం అక్కడే, యుద్ధభూమికి దగ్గర్లోనే జరిగిపోయేది. కొన్నాళ్లకు పెట్టె వచ్చింది. అందులో రెండు జతల బట్టలు, గడ్డం గీసుకునే సామాను, దారంతో కట్టిన మనియార్డరు రసీదులు. ఇంటికి పంపిన ప్రతి రూపాయికీ రసీదు దాచుకున్నాడు.

ఆయన భార్యకు పింఛను రాలేదు. పెళ్లి సంగతి రికార్డులోకి ఎక్కలేదు. కాగితాల్లో ఆయన ఇంకా పెళ్లికాని మనిషే, వారసురాలు తల్లి. అప్పటికి సర్వీసులో ఉన్న సుబేదారు మామ సెలవులో వచ్చి, పెద్దమనుషుల సంతకాలు పెట్టించి, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి ఆ అమ్మాయి పేరు ఎక్కించారు. సెలవంతా దానికే అయిపోయింది. వాళ్లింట్లో అలిగారు కూడా.

* * *

నా పెళ్లయ్యాక సికింద్రాబాద్. మా ఆయన సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో. తిరుమలగిరిలో క్వార్టర్సు. ఎండాకాలం మధ్యాహ్నాలు లాల్‌బజార్ వైపు నుంచి ఐస్‌బండి గంట, సాయంత్రం పరేడ్ గ్రౌండు నుంచి బ్యాండు ప్రాక్టీసు, పొద్దున పిల్లల్ని బడికి తీసుకుపోయే శక్తిమాన్ ట్రక్కు రొద. ట్రక్కు వెనక తలుపు ఎత్తు. ఒక జవాను నిలబడి పిల్లల్ని ఒక్కొక్కరినీ చంకల కింద పట్టుకుని పైకి లేపేవాడు.

పక్కింట్లో పంజాబీ, ఎదురింట్లో తమిళ, పైన గఢ్వాలీ. నాకు హిందీ వచ్చింది వెల్ఫేర్ సెంటర్లోనే. ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం 1966 నుంచి ఉంది. దాని కింద ప్రతి యూనిట్లో కుట్టు మిషన్లు, ఊరగాయలు, అల్లికలు, టైపు, పిల్లల టీకాలు ఇలా ఏదో ఒకటి నడిచేది. మొదట్లో నేను కుట్టు నేర్చుకోవడానికి పోయాను. లెక్కలు రాయడం వచ్చని రిజిస్టరు నా చేతిలో పెట్టారు. అదే నా మొదటి ఉద్యోగం అనుకుంటాను, జీతం లేకపోయినా. మెస్సుకు నాప్‌కిన్లు కుట్టి ఇస్తే వచ్చే డబ్బు ఎవరి వాటా ఎంతో రాసి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చేదాన్ని. సొంత చేతిలో సొంత డబ్బు మొదటిసారి పడ్డ ఆడవాళ్ల ముఖాలు చూడటం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఎస్.ఎఫ్. క్వార్టర్స్ అని ఉంటాయి. భర్త ఫీల్డుకు పోతే భార్యాపిల్లలు ఉండటానికి ఇచ్చే ఇళ్లు. బ్లాకంతా ఆడవాళ్లు, పిల్లలే. ఒకరికి నొప్పులొస్తే అర్ధరాత్రి గార్డు రూముకు ఒకరు పరిగెత్తాలి, ఒకరు తోడు ఎక్కాలి, ఒకరు మిగతా పిల్లల్ని పడుకోబెట్టాలి. ఎవరూ చెప్పకుండానే ఆ పనులు పంచుకునేవాళ్లు. 1987 అక్టోబరులో మన సైన్యం శ్రీలంకలో పోరాటంలోకి దిగింది. శాంతి దళం అన్నారు కాబట్టి అంతవరకు ఎవరూ పెద్దగా భయపడలేదు. ఉత్తరాలు ఆలస్యం కావడం మొదలయ్యాక బ్లాకులో మాటలు తగ్గిపోయాయి. ఆ రెండున్నరేళ్లలో దాదాపు 1,200 మంది అక్కడ పోయారు. వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ తక్కువే, అది నాకు బాధ. సాయంత్రాలు మేం నలుగురం కలిసి ఒక్కో ఇంటికీ పోయి కూర్చునేవాళ్లం. ఏం మాట్లాడాలో తెలియకపోతే కూరగాయలు తరిగి పెట్టి వచ్చేవాళ్లం.

* * *

ఆయన పింఛను మీద బయటికొచ్చాక మళ్లీ గిద్దలూరు. అది సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న కాలం. లాంతర్లు, పలకలు, రాత్రి బడులు. పక్కనున్న నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించిన కబురు మా రాత్రి బడికి కూడా వచ్చింది. ఆ రోజు పాఠం సాగలేదు, అందరూ అదే మాట్లాడుకున్నారు.

మా కేంద్రంలో సగం మంది సైనికుల భార్యలు. వాచకంలో మొదటి పాఠం ఏదైనా సరే, వాళ్లకు కావాల్సింది ఒక్కటే: తమ ఉత్తరం తాము చదువుకోవాలి, తాము రాసుకోవాలి. నేను వాచకం పక్కన పెట్టి ఇన్‌లాండ్ కవర్లు తెప్పించాను. ముందు తన పేరు, తర్వాత ఆయన నంబరు, ర్యాంకు, యూనిట్, 56 ఏపీఓ. ఏటవాలుగా, ఒత్తులు తప్పుతూ రాసేవాళ్లు. ఒకామె మొదటి ఉత్తరం రాసి, మడిచి, నాకు చూపించకుండా అంటించేసింది. "నువ్వు చూడొద్దులే అక్కా" అని నవ్వింది. చిన్నప్పుడు బావి దగ్గర నా చెవిలో చెప్పుకున్న ఆడవాళ్లందరూ ఆ క్షణంలో గుర్తొచ్చారు. ఆ ఉత్తరంలో ఏముందో నేటికీ నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు సంతోషం.

ఆ రాత్రి బడి చూడ్డానికొచ్చిన సుబేదారు మామ మర్నాడు కబురంపారు. "అమ్మీ, నీకు ఆడవాళ్ల దగ్గర చనువుంది. నాకు కాగితం తెలుసు. ఇద్దరం కలిస్తే పని జరుగుతుంది."

* * *

మామ సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ సాపర్స్‌లో క్లర్కుగా చేరి సుబేదారుగా రిటైరైన మనిషి. ఆ రెజిమెంటు వాళ్లను సైన్యంలో తంబీలంటారు. ఆయన్ని కూడా పాత స్నేహితులు తంబీ అనే పిలిచేవాళ్లు. ఇంటి వసారాలో ఒక బల్ల, రెండు బెంచీలు, గోడకు క్యాలెండరు. అదే మాజీ సైనికుల సంఘం ఆఫీసు. వచ్చిన మనిషికి మజ్జిగిచ్చి, కూర్చోబెట్టి, మొదట అడిగే మాట ఒకటే. "పార్ట్ టూ పడిందా?"

సైనికుడి ఇంట్లో ఏది జరిగినా, అంటే పెళ్లి, బిడ్డ పుట్టడం, బిడ్డ పోవడం, యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డరులో ప్రకటించాలి. అక్కడి నుంచి అది రికార్డు ఆఫీసుకు పోయి కిండ్రెడ్ రోల్‌లో, అంటే కుటుంబ సభ్యుల పట్టికలో ఎక్కుతుంది. ఎక్కితేనే ఆమె భార్య, వాళ్లు పిల్లలు. సెలవులో వచ్చి పెళ్లి చేసుకున్న కుర్రాడు తిరిగి వెళ్లి, బార్డరు పనిలో పడి, ఆ ఒక్క దరఖాస్తూ ఇవ్వడం మరిచిపోతే భార్య చాలా ఏళ్ల తర్వాత కష్టపడుతుంది. పేరు ఎక్కినా తిప్పలే. రికార్డులో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటివాళ్లు పిలిచే పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. ముగ్గురూ ఒక్క మనిషేనని అఫిడవిట్, తహసీల్దారు ధ్రువపత్రం, ఇద్దరు సాక్షులు. అవన్నీ కట్టి ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, అక్కడి నుంచి రికార్డు ఆఫీసుకు, అక్కడి నుంచి పింఛను తేల్చే అలహాబాదుకు. మా ఆడవాళ్లకు కాశీ తెలియకపోయినా అలహాబాదు తెలుసు. "అలహాబాదు నుంచి వచ్చిందా?" అని నన్ను బస్టాండులో ఆపి అడిగేవాళ్లు.

ఒక పెద్దమ్మ ఉండేది. పెనిమిటి రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చినవాడు. పింఛను లేకుండానే పోయాడు. ఆ కాలపు సైనికుల భార్యలకు ప్రభుత్వం నెలనెలా కొంత సాయం ఇస్తుంది, కానీ డిశ్చార్జ్ పుస్తకం చూపించాలి. ఆమె దగ్గర ఉన్నదల్లా అట్ట ఊడిన ఒక పుస్తకం, సగం చెదలు తినేసింది. నంబరు ఉన్న పేజీ మాత్రం మిగిలింది. మామ భూతద్దం పెట్టి చూసి, ఒక్కో అంకె నాతో రాయించి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఒక ఆఫీసులో ఆ పుస్తకాన్ని పక్కకు విసిరేసి, ఇది చెల్లదన్నారు. మామ లేచి నిలబడి దాన్ని తీసుకుని, దుమ్ము తుడిచి, "ఇది ఒక సైనికుడి సర్వీసు పుస్తకం. రెండు చేతులతో ఇవ్వండి" అన్నారు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది అప్పుడే. సాయం మంజూరైనప్పుడు ఆమె మాకు జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ కట్టుకుని వచ్చింది.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం కలిసిన చిన్న కాగితం జెండాలు గుండుసూదితో చొక్కాలకు గుచ్చి, డబ్బాలు పట్టుకుని బడి పిల్లలతో, ఎన్‌సీసీ వాళ్లతో గిద్దలూరు బజారంతా తిరిగేవాళ్లం. బస్సు కిటికీల్లోంచి పావలాలు, అర్ధరూపాయలు పడేవి. ఆ నిధి నుంచే పిల్లల చదువులకు, ఆడపిల్లల పెళ్లిళ్లకు, ఇంటి మరమ్మతులకు సాయం వచ్చేదని డబ్బా పట్టుకున్న ప్రతి పిల్లాడికీ మామ చెప్పేవారు.

* * *

కార్గిల్‌తో అంతా మారింది. 1999లో మే నుంచి జూలై దాకా, 527 మంది పోయారు. మొదటిసారి మనుషులు జెండా కప్పుకుని పెట్టెల్లో ఇళ్లకు వచ్చారు. హైదరాబాదుకు మేజర్ పద్మపాణి ఆచార్య వచ్చినప్పుడు ఊరూవాడా టీవీల ముందు కూర్చుంది. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ఆ తర్వాతి ఏళ్లలో మా వైపు పల్లెలకు కూడా పెట్టెలొచ్చాయి. వేలమంది జనం, తుపాకుల వందనం, నాయకుల కార్లు. పదకొండో రోజు దాటితే వసారా ఖాళీ.

మా పని ఆ తర్వాతే మొదలయ్యేది. ఇరవై రెండేళ్ల పిల్ల, చంకలో బిడ్డ. ఎదురుగా కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు. మధ్యలో డబ్బు. యుద్ధంలో పోతే ఆఖరి జీతమంతా కుటుంబ పింఛనుగా వస్తుంది. సర్వీసు కారణంగా పోతే 60 శాతం, మామూలు మరణానికి 30 శాతం. ఏ కాగితం మీద ఏ కారణం రాశారన్నదే ఆ ఇంటి భవిష్యత్తు. పింఛను కోడలికి పోతుంది, ఆమె పుట్టింటికి పోతుంది, మా సంగతేంటి అని ముసలివాళ్లు భయపడేవాళ్లు. వాళ్లను దురాశపరులని తిట్టినవాళ్లున్నారు. నేనెప్పుడూ అనలేకపోయాను. కొడుకు మనియార్డరు మీదే మందులు కొనుక్కున్నవాళ్లు వాళ్లు. మామ ఇద్దరినీ విడివిడిగా కలిసేవారు, ఒకే గదిలో ఎప్పుడూ కూర్చోబెట్టేవారు కాదు. పిల్ల దగ్గరికి నన్ను ఒక్కదాన్నే పంపేవారు. మొదటి రోజు కాగితాల ఊసు ఎత్తొద్దనేవారు. నేను బిడ్డను ఎత్తుకుని కూర్చునేదాన్ని. నాలుగోసారో ఐదోసారో ఆమే అడిగేది, "అక్కా, బ్యాంకులో నేనే సంతకం పెట్టాలా?" అని. అప్పుడు మొదలుపెట్టేవాళ్లం. వాళ్లలో కొందరు తర్వాత టీచర్లయ్యారు, ఒకామె నర్సయింది, ఇద్దరు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లిళ్లకు మామ మెడల్స్ పెట్టుకుని వెళ్లారు.

2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు పోయినప్పుడు మామకు చూపు సరిగా ఆనడం లేదు. కరోనా రోజులు. రోజంతా టీవీ వింటూ కూర్చుని, సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పిల్లలు చిన్నవాళ్లంట కదమ్మీ" అన్నారు. ఇంకేమీ మాట్లాడలేదు.

* * *

2013లో టెలిగ్రాం ఆగిపోయింది. మీటర్ గేజి అంతకు చాలా ముందే పోయింది. ఎస్టీడీ బూతుల దగ్గర రాత్రి రేటు తగ్గే దాకా కాచుకుని, మీటరు అంకెలు చూస్తూ మాట్లాడిన ఆడవాళ్ల కూతుళ్లు ఇప్పుడు లడఖ్‌లో ఉన్న భర్తకు వంట చేస్తూ వీడియో కాల్ చేస్తున్నారు. ఇది చూస్తే నాకు నిజంగా హాయిగా ఉంటుంది. ఎదురుచూపుల్లో అందం ఉందనేవాళ్లు ఆ సైకిల్ బెల్లు విని ఉండరు.

కాగితాల పని మాత్రం పోలేదు, ఫోనులోకి మారింది. పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లాయి. నవంబరులో బతికున్నట్టు ధ్రువీకరణ ముఖం చూపించి ఇవ్వొచ్చు. కానీ డెబ్భై ఏళ్ల ఆమె పేరులో ఒక్క అక్షరం ఆధార్‌తో కలవకపోతే మళ్లీ అఫిడవిట్ దగ్గరికే వస్తాం. 2022 నుంచి అగ్నివీరుల తల్లులు వస్తున్నారు. నాలుగేళ్లయ్యాక నూటికి పాతిక మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లకు సేవా నిధి అని ఒక్కసారి డబ్బు ఇచ్చి పంపుతారు, పింఛను ఉండదు. మా ఇళ్లలో ఇంతకాలం సైన్యమంటే పింఛనే. ఆ తల్లుల ప్రశ్నలు మామ పుస్తకాల్లో లేవు, మేమే కొత్తగా నేర్చుకుంటున్నాం.

మామ పుస్తకాలంటే ఆయన లావుపాటి నోటుబుక్కులు. ఏ కేసు ఎక్కడ ఆగింది, ఏ ఆఫీసుకు ఏ భాషలో రాస్తే కదిలింది అన్నీ అందులో ఉన్నాయి. కోడలు వాటిని నాకిచ్చింది. సంఘంలో ఇద్దరు కుర్రాళ్లు, ఒక కానిస్టేబుల్ భార్య నాతో కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఆదివారం పొద్దుటిపూట మామ వసారాలోనే బల్ల మళ్లీ వేశాం. ఆ చుట్టుపక్కల మండలాల వాళ్లు ఎవరైనా రావచ్చు. వచ్చేటప్పుడు పీపీఓ (పింఛను మంజూరు పత్రం), డిశ్చార్జ్ పుస్తకం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టినతేదీ పత్రాలు తెచ్చుకోండి. కొత్తగా పెళ్లయినవాళ్లు పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం, జంటగా దిగిన ఫొటో కూడా.